మమ్మల్ని అడగలేదు, నిన్ను అడిగినారు

కర్నూలు
ఆదివారం పొద్దున

చి.ల.సౌ. బుజ్జమ్మకు నాయన ఆశీర్వదించి రాయునది.

మేం బాగుండాం. మీ అమ్మ మోకాళ్ళు అట్లే ఉండాయి. మొన్న ఫోన్లో చిన్నోడు నన్ను ఒక మాట అడిగినాడు కదా, "తాతా, నేను స్కాటిషా, ఇండియనా?" అని. గబుక్కున "నువ్వు యాడున్నా సీమోడివేరా" అనేసినా. వాడికి అర్థం కాలేదు. అల్లుడు నవ్వినాడు. నువ్వు నవ్వలేదు. ఫోను పెట్టేముందు, "బళ్ళో మళ్ళీ విడిపోయే మాటలు మాట్లాడుకుంటాండారంట నాయనా, వీనికేం చెప్పాల్నో నాకే తెలీడం లేదు" అన్నావు. ఆ మాట రెండు దినాలుగా నన్ను నమిలేస్తా ఉంది. ఫోన్లో చెప్దామంటే మీ అమ్మ మధ్యలో దూరి ఏం కూర చేసినావని అడుగుతాది. అందుకే కాగితం తీసినా.

ముందు నా తప్పొకటి ఒప్పుకోవాల. 2014 సెప్టెంబరు, స్కాట్లండు బ్రిటన్ నుంచి విడిపోవాల్నా వద్దా అని ఆడి జనాన్ని ఓటు అడిగిన నెల. నువ్వు గ్లాస్గో పోయి ఏడాది. ఒక రాత్రి ఫోను చేసి, "నాయనా, నాక్కూడా ఓటుందంట" అన్నావు. నేను నమ్మలేదు. ఇండియా పాస్‌పోర్టు మీద చదువుకోడానికి పోయిన పిల్లను, మా దేశం వేరుపడాల్నా వద్దా అని ఎవురన్నా అడుగుతారా? కామన్వెల్త్ దేశాలవాళ్ళు ఆడ వీసాతో కాపురముంటే చాలునని, పదహారేళ్ళ పిల్లలకు కూడా ఇచ్చినారని నువ్వు విడమరిచి చెప్పినావు. స్కాట్లండులోనే పుట్టి లండన్లో ఉద్యోగం చేసుకునేవాళ్ళకు మటుకు లేదంట. నీతో చదివే పిల్ల వాళ్ళన్న అందుకు ఇంట్లో అందరితోనూ కొట్లాట పెట్టుకున్నాడని కూడా చెప్పినావు. అంతా విని నేను చెప్పిందేంది? "పరాయి ఊరి పంచాయితీ మనకెందుకు, గమ్మున సదువుకో" అన్నా. నువ్వు గమ్మునే ఉండిపోయినావు.

ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో నీకు ఎప్పుడూ చెప్పలేదు.

అంతకు ముందు ఏడాది, 2013 జులై 30న, రాష్ట్రాన్ని విడగొడతామని ఢిల్లీలో తీర్మానం చేసినారు. ఆగస్టు నడుమ నుంచి ఉద్యోగులం సమ్మెకు దిగినాం. 66 దినాలు. జీతం లేదు. నీ ఫీజు కట్టే గడువు ఆ నడుమనే పడింది. మీ అమ్మ గాజులు, నీ పెండ్లికని తీసిపెట్టిన కాసుల పేరు బ్యాంకులో పెట్టింది అప్పుడే. (నీకు ఎడ్యుకేషన్ లోను అని చెప్పినాం. అదీ ఇప్పుడే చెప్తాండా.) పొద్దున్నే కలెక్టరేటు ముందర టెంటు కింద కూర్చుంటే, ఆ ఒక్క టెంటులోనే మూడు మాటలు. ఒకాయన సమైక్యాంధ్ర అంటాడు. ఒకాయన కర్నూలు, అనంతపురం కలిపి రాయల తెలంగాణ ఇస్తే నీళ్ళకు మంచిదంటాడు. వెనకాల కూర్చున్న కుర్రోళ్ళు ఎవురితోనూ వద్దు, సీమ సీమగా ఉంటే చాలంటారు. మైకులో మటుకు ఒకటే నినాదం.

2014 జనవరి 30న అసెంబ్లీ ఆ బిల్లును వద్దని తిప్పి పంపింది. పంపితే ఏమి? రాజ్యాంగంలో మూడో అధికరణం ప్రకారం అసెంబ్లీని అడిగితే చాలు, అది చెప్పింది వినాలని యాడా లేదు. ఫిబ్రవరి 18న ఆఫీసులో పని మానుకుని అందరం టీవీ ముందర నిలబడినాం. లోక్‌సభలో ఆ బిల్లు ముందుకొచ్చిన కాసేపటికి ప్రసారం ఆగిపోయింది. అటెండరు డిష్ వైరు పోయిందనుకుని మిద్దె మీదికి ఎక్కినాడు. వైరు బాగానే ఉంది. వాడు కిందికి దిగొచ్చేసరికి మన రాష్ట్రం రెండు. ఆ దినం నాకు పుట్టిన కోపం విడిపోయినందుకు కాదు బుజ్జమ్మా. మా వీధిలో ఉన్న మనిషినొక్కన్ని కూడా పిలిచి "నీకేం కావాల" అని అడగలేదే అని. ఆ కోపంలో ఉన్నోనికి నువ్వు ఫోను చేసి, నన్ను అడుగుతాండారు నాయనా అన్నావు. కుళ్ళుకున్నానని చెప్పుకోడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

ఈ అడగకపోవడం 2014లో మొదలైంది కాదు. ఏటి అవతలోళ్ళను నేను తప్పు పట్టను. 1955లో రాష్ట్రాలను ఎట్లా విడగొట్టాల్నో చూడమని వేసిన ఫజల్ అలీ కమిషను, తెలంగాణను ఇప్పటికి వేరుగానే ఉంచండి, 1961 ఎన్నికలయినాక హైదరాబాదు అసెంబ్లీలో మూడింట రెండొంతుల మంది సరేనంటే అప్పుడు కలపండి అని రాసింది. ఆ మాటను పక్కన పెట్టి 1956లోనే కలిపేసినారు. వాళ్ళ మనసులో ఆ ముల్లు అట్లే ఉండిపోయింది. పంచలింగాల దాటితే ఇప్పుడు వేరే రాష్ట్రం. అటు పక్క నాతో పనిచేసిన మిత్రుడు 2014 జూన్ 2న మిఠాయి డబ్బా తీసుకుని మనింటికొచ్చినాడు, గుర్తుందా? నువ్వప్పుడు లేవులే. "మీకు పోయిన దినం మాకు వచ్చింది, తినన్నా" అన్నాడు. తిన్నా. ఏం చేస్తా.

మన ముల్లు ఇంకా పాతది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా పెద్దలూ మన పెద్దలూ కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. రాజధానో హైకోర్టో, ఒకటి సీమకు, ఏది కావాల్నో సీమవాళ్ళే చెప్పాల అని. దాన్ని పట్టుకునే 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఊర్లో ఇండ్లు చాలక గుడారాలేసుకుని ఆఫీసులు నడిపినారు. మూడేండ్లు. 1956 నవంబరు 1కి అంతా లారీల మీద హైదరాబాదుకు. నేను పుట్టింది ఆ ఏడే. మా జేజి నన్ను చూపించి "రాజధాని పోయినేడు పుట్టినోడు" అనేది, ఏందో నేనే దాన్ని తరిమేసినట్లు.

మన ముందర గదిలో టేకు బల్ల ఉంది చూడు, దాని సంగతి కూడా ఆ లారీల నాటిదే. మద్రాసు నుంచి వచ్చిన సెక్రటేరియట్ గుమాస్తా ఒకాయన పెండ్లాం పిల్లలతో మన వసారా గదుల్లో బాడుగకుండినాడు. పోయేటప్పుడు లారీలో చోటు లేక బల్లను వదిలేసి, రెండు నెలల బాడుగ కింద జమేసుకోమన్నాడు. మా జేజినాయన సరేనన్నాడు. నువ్వు పదో తరగతి చదివింది దాని మీదే.

మీ ఓటు సంగతికొస్తా. అప్పుడు వద్దన్నా గానీ, ఆ నెలంతా పేపరులో వచ్చిన ముక్కల్లా చదివినా. అన్నిటికన్నా నాకు నచ్చింది ఆ ప్రశ్న. మొదట వాళ్ళ ప్రభుత్వం, "స్కాట్లండు స్వతంత్ర దేశంగా ఉండాలని మీరు ఒప్పుకుంటారా?" అని రాసిందంట. ఒప్పుకుంటారా అనే మాట అవుననే దిక్కు మనిషిని నెడుతుందని ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పింది. ఆ మాట తీసేసి, "స్కాట్లండు స్వతంత్ర దేశంగా ఉండాలా?" అని మార్చినారు. ముప్పై అయిదేండ్లు రెవెన్యూలో పంచనామాలు రాసినోన్ని. ఒక్క క్రియాపదం మారితే రెండెకరాలు చేతులు మారడం చూసినా. దాన్ని అంత పట్టించుకున్న దేశమంటే నాకు గౌరవం పుట్టింది.

అడిగినాక వాళ్ళు మాట్లాడుకున్నవీ ఇంటి మాటలే. పౌండు మాతో పంచుకోడానికి కుదరదని లండన్ అంటే, మరి చమురు మాది కాదా అని వీళ్ళు. యూరపులో చోటుంటుందా, అణు జలాంతర్గాములు యాడ పెట్టాల, ముసలోళ్ళకు పెన్షన్ ఎవురిస్తారు. 1707లో రెండు పార్లమెంట్లు కలిసిపోయినా వాళ్ళ చట్టం, వాళ్ళ చర్చి, వాళ్ళ చదువులు వాళ్ళ దగ్గరే ఉండినాయి కాబట్టి, మేమెవరం అనే మాట వాళ్ళకెప్పుడూ చల్లారలేదు. అయినా ఆఖరుకు ఎక్కువ మందిని తేల్చింది పెన్షనూ పౌండే అని నా అనుమానం. 84.6 శాతం మంది వచ్చి ఓటేసినారు. 16 లక్షల మంది అవునన్నారు, 20 లక్షల మంది వద్దన్నారు. మీ గ్లాస్గో అవునంది. నేనే ఆడ ఉంటే, పెన్షన్‌దారున్ని కాబట్టి, వద్దనే గీత గీసుంటా. నువ్వు నాతో కొట్లాడి అవునని గీసుంటావు. ఆ కొట్లాట మన ఇద్దరి మధ్యన జరగనీలేదే నేను, అదీ నా బాధ.

2016లో యూరపు నుంచి బయటికి పోయే ఓటులో స్కాట్లండులో 62 శాతం ఉందామంటే, మొత్తం దేశం పోదామంది. అప్పటి నుంచి మళ్ళీ అడగండి అనే మాట లేచింది. 2022 నవంబరులో బ్రిటన్ సుప్రీం కోర్టు, లండన్ ఒప్పుకోకుండా మీ అంతట మీరు ఓటింగు పెట్టుకునేదానికి లేదని తేల్చింది. అంటే అడిగేదానికి ముందు, అడగొచ్చా అని ఇంకొకరిని అడగాల. అది మటుకు నాకు బాగా తెలిసిన పద్ధతి!

రాష్ట్రం వేరు, దేశం వేరు అని నువ్వంటావు. నిజమే. రాష్ట్రం చీలితే ఆఫీసు బోర్డు మారుతుంది, దేశం చీలితే పాస్‌పోర్టు మారుతుంది. మన దగ్గర కూడా ఒకసారి చీటీ పెట్టి అడిగినారు. 1967 జనవరి 16న గోవాలో, మహారాష్ట్రలో కలుస్తారా, కేంద్రపాలితంగానే ఉంటారా అని. కలవమనే వాళ్ళకు రెండాకుల గుర్తు, కలుస్తామనే వాళ్ళకు పువ్వు. రెండాకులు గెలిచినాయి. ఒక చిన్న గోవాను అడగగలిగినోళ్ళు మిగతావాళ్ళను ఎందుకు అడగలేదో నాకు ఇప్పటికీ బోధపడదు.

ఇంకొకటి. పరాయి ఊరి పంచాయితీ అన్నా కదా, అది మరీ తెలివితక్కువ మాట. నేను పత్తికొండ తహసీలాఫీసులో నాలుగేండ్లు చేసినా. ఆ ఊర్లో 1827 జులై 6న కలరా తగిలి చచ్చిపోయినాడు థామస్ మన్రో. గవర్నరుగా ఉండి పర్యటనకొచ్చినోడు. గుత్తిలో పూడ్చి, తర్వాత మద్రాసుకు తీసుకుపోయినారు. 1800లో నిజాము మన జిల్లాలను ఈస్టిండియా కుంపిణీకి దత్తం చేసినాక మన పొలాలను కొలిపించి, రైతు పేరు మీద పట్టా రాయించిన కలెక్టరు ఆయనే. మన దిక్కు పిల్లలకు మన్రోలప్ప అని పేరు కూడా పెట్టుకున్నారు. ఆయన యాడోడు? మీ గ్లాస్గో. వాళ్ళ నాయన వర్జీనియా పొగాకు వ్యాపారి. అమెరికావాళ్ళు ఇంగ్లండు నుంచి విడిపోతామని యుద్ధం పెట్టుకుంటే ఆ వ్యాపారం మునిగిపోయింది. కొడుకు సిపాయి కొలువులో చేరి 1780లో మద్రాసులో దిగినాడు. యాడో సముద్రం అవతల ఎవురో విడిపోతే, పత్తికొండలో మన ముత్తాత సెనగ చేనుకు సర్వే నంబరు వచ్చింది. నేను జీవితమంతా ఆ నంబర్ల మీదే బతికినా. అట్లాంటోన్ని, మనకెందుకు అన్నా చూడు.

కాబట్టి మళ్ళీ ఎప్పుడన్నా అడిగితే, అవునను, కాదను, పో. ఈ సారి నన్ను అడగొద్దు.

పాస్‌పోర్టు మార్చుకున్నప్పుడు నేను నీతో వారం మాట్లాడలేదు. పాతది వెనక్కి ఇచ్చేయాల్నంటే నాకు నిన్నే ఇచ్చేసినట్లు అనిపించింది. అది కూడా మనసులో పెట్టుకోవద్దు. దత్తమండలాలని పిలిపించుకున్న మనం 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకున్నాం. అంతకు ముందు మా ముత్తాతకు నువ్వు సీమోడివి అంటే ఏ సీమ అనుండేవాడు. నేను చిన్నోనితో అన్న ఆ గొప్ప మాట వయసు నూరేండ్లు కూడా లేదు.

పోయిన వారం బల్ల కాలు ఊగుతాందని వడ్రంగిని పిలిపించినా. ఆయన సొరుగు మొత్తం బయటికి లాగినాడు. సొరుగు లోపలి పక్క గుమాస్తా కొడుకు మేకుతో గీసిన "మద్రాసు" అనే అక్షరాలు ఎప్పటి నుంచో ఉండాయి, నాకు తెలుసు. దాని కింద నేను ఎనిమిదేండ్లప్పుడు "కర్నూలు" అని గీసి జేజితో దెబ్బలు తిన్నా. వాటి కింద ఇప్పుడు ఇంకొకటి ఉంది, కొత్తది, ఇంగ్లీషు అక్షరాల్లో, వంకరటింకరగా. గ్లాస్గో అని. మొన్న వేసవికి వచ్చినప్పుడు మీ అమ్మ కంపాసు బాక్సు కనపడలేదని ఇల్లంతా వెతికింది, గుర్తుందా?

వడ్రంగి ఉప్పుకాగితం పట్టి నున్నగా చేసేదా అని అడిగినాడు. కాలు మటుకు చూడు, సొరుగు జోలికి పోవద్దు అన్నా.

చిన్నోనికి ముద్దులు. అల్లునికి అడిగినట్లు చెప్పు.

ఇట్లు,
మీ నాయన