ఈ ఏడాదికి చేరడం లేదు

ముత్తుకూరు,
దీపావళి మరుసటి రోజు, 2025.

ప్రియ మిత్రమా,

నిన్న రాత్రి ఫోను మధ్యలో పెట్టేసినందుకు కోపం తెచ్చుకోకు. నువ్వు మాట్లాడుతుండగానే వానకు కరెంటు పోయింది, మా నాలుగు రొయ్యల గుంటల్లోనూ నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. జనరేటర్ తిరిగేదాకా ఇంకో ఆలోచన రాదని నీకు తెలియనిది కాదు. అంతా సర్దుకునేసరికి పదకొండున్నర అయింది. మళ్ళీ ఫోను చేద్దామనుకున్నాను కానీ, చేరుతున్నావా లేదా అని నువ్వు అడిగినదానికి ఫోనులో జవాబు చెప్పలేననిపించింది. నువ్వు ఒక మాట అనడం, నేను అడ్డుపడటం, చివరికి ఇద్దరం అలసిపోవడం, ఐదేళ్ళుగా ఇదే వరస. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఈ ఉత్తరం మంగళూరు చేరేసరికి ముంబయిలో చేరాల్సిన గడువు దాటిపోతుంది. విషయం ముందే చెప్పేస్తున్నాను: ఈ ఏడాది నేను ఎం.ఎఫ్.ఎస్సీ.లో, అదే మన ఫిషరీస్ పీజీలో, చేరడం లేదు.

నీ కోపంలో న్యాయం ఉంది. 2020లో బి.ఎఫ్.ఎస్సీ. అయిపోయినప్పుడు మన హాస్టల్ మెట్ల మీద కూర్చుని "ఒక్క ఏడాది ఉద్యోగం చేసి నీ వెనకే వస్తాను" అన్నాను. ఆ ఏడాది నాన్నకు మేత బాకీ తీరలేదు. తర్వాత కంపెనీవాళ్ళు ఒక ఏరియా మొత్తం నాకు అప్పగిస్తామన్నారు, అప్పగించాక వదిలిపెట్టి రాబుద్ధి కాలేదు. 2023లో దరఖాస్తు పెట్టి పీజీ ప్రవేశ పరీక్షకు వెళ్ళలేదు. ఆ రోజు గుంటలో పట్టుబడి ఉందని, పెరిగిన రొయ్యలు పట్టి అమ్మాలని నీకు చెప్పాను. పట్టుబడి ఉన్న మాట నిజమే. కానీ నేను లేకపోయినా అది జరిగేది. ఈ ముక్క ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఎందుకంటే ఈసారి చెప్పబోయే కారణాన్ని నువ్వు ఆ పాత వాటి పక్కన పెట్టి చూస్తావు. చూడాలి కూడా.

ఈసారి నేను చదివిన మాట నీకు తెలుసు. తెల్లవారుజామున మూడింటికి గుంటల నీళ్ళలో ఆక్సిజన్ చూసి వచ్చి, అప్పటినుంచి ఆరింటిదాకా నువ్వు వదిలివెళ్ళిన నోట్సు ముందు కూర్చునేవాణ్ణి. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పు రాస్తే మార్కు కోత. బయటికి వచ్చాక చేతులు వణికాయి. అదే వారంలో రొట్టెల పండుగ వచ్చింది. అమ్మ నెల్లూరు వెళ్ళి, స్వర్ణాల చెరువు నీళ్ళలో మోకాళ్ళ లోతున నిలబడి, చదువు రొట్టె పట్టుకుంది. మనం రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు నన్ను నీళ్ళలోకి లాక్కెళ్ళి ఉద్యోగ రొట్టె పట్టించింది నువ్వే, గుర్తుందా? అప్పుడు రొట్టె ఇచ్చిన ఆమె ఎవరో, ఏ ఊరో ఇప్పటికీ తెలియదు. కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి రొట్టె ఇవ్వాలి, అది అక్కడి పద్ధతి. సీటు వచ్చిందని తెలిసిన రోజే అమ్మ వచ్చే ఏడాది ఇవ్వాల్సిన రొట్టె లెక్క వేసుకుంది. ముంబయి వెర్సోవాలోని ఫిషరీస్ కాలేజీలో సీటు, అందులోనూ చేపలు, రొయ్యల ఆరోగ్య విభాగంలో! "నేను పుట్టకముందు పెట్టిన కాలేజీ అంటగా" అని నాన్న ఊరంతా చెప్పాడు. 1961లో పెట్టారని ఎవరో చెప్పారట ఆయనకు.

ఇక అసలు సంగతి. ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేశాక కౌంటు ధరలు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి ఇచ్చేవి) ఎలా పడ్డాయో నీకు తెలుసు, ఆ ఏడుపు మళ్ళీ ఏడవను. డబ్బు ఇబ్బంది ఉంది, కానీ డబ్బు కోసమే అయితే నేను వెళ్ళిపోయేవాణ్ణి. నేను ఇక్కడ ఉన్నంత మాత్రాన ధర పెరగదు.

సెప్టెంబరులో ఒక రోజు నాన్న రెండో గుంటలో విసురు వల వేశాడు. అప్పటికి తొంభై రోజుల పంట. యాభై కౌంటు దగ్గర ఉండాలి. వల కట్ట మీదికి లాగి దులిపితే ఒక్క వలలోనే మూడు నాలుగు రకాల సైజులు. చిటికెన వేలంత ఒకటి, దాని పక్కనే నా బొటనవేలు కంటే లావుగా ఒకటి. నాన్న ఒక చిన్నదాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుగుకు పట్టి చూశాడు. పేగు ఖాళీగా లేదు, మేత తింటోంది. పెంకు గట్టిగానే ఉంది. చావు లేదు, మచ్చ లేదు, ఎర్రబడటం లేదు. తినడం మాత్రం తింటోంది, పెరగడం లేదు. తూచి చూస్తే కిలోకు నూట ఇరవై పైన వచ్చాయి. "ఏ జబ్బూ లేకుండా ఇలా ఎందుకుందిరా?" అని అడిగాడు. ఐదేళ్ళుగా ఇతర రైతుల గుంటల మీద నిలబడి ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాణ్ణి, నాన్న అడిగితే నోరు పెగల్లేదు. ల్యాబులో చేయించిన పీసీఆర్ పరీక్షలో ఈహెచ్‌పీ అని, రొయ్యను ఎదగనివ్వని సూక్ష్మజీవి జబ్బని తేలింది.

ఈ జబ్బు సంగతి నీకు నేను చెప్పేదేముంది. కాలేయంలో చేరి, మేత ఒంటపట్టకుండా చేసి, చంపకుండా కూర్చోబెడుతుంది. వైట్‌స్పాట్, అదే తెల్లమచ్చ జబ్బు, వస్తే మూడు నాలుగు రోజుల్లో గుంట ఖాళీ అవుతుంది, ఏడ్చి ఊరుకుంటాం. ఇది మాత్రం రోజూ మేత బస్తాలు తినిపిస్తూనే ఉంటుంది. పైగా దాని బీజాలు అడుగు మట్టిలో ఉండిపోతాయి. గుంట ఎండగట్టి, పది పన్నెండు సెంటీమీటర్ల లోతుకు దున్ని, నీళ్ళు పడితే కుతకుత ఉడికే కాల్చిన సున్నం హెక్టారుకు ఆరు టన్నుల లెక్కన కలిపి, తడిపి, మట్టి పీహెచ్ పన్నెండుకు తీసుకెళ్ళాలని మనం పుస్తకంలో చదివాం. ఎకరాకు రెండున్నర టన్నుల దాకా! ఇక్కడ రైతులు చల్లే సున్నం అందులో పదో వంతు ఉంటుందేమో. అది కూడా దున్నకుండా, పైపైన.

మా వరుసలో ఐదు కుటుంబాలవాళ్ళం ఉప్పుటేటి నుంచి ఒకే కాలువలో నీళ్ళు తోడుకుంటాం. ఒకరు పట్టుబడి చేసి వదిలిన నీళ్ళే రెండో రోజు ఇంకొకరి గుంటలోకి వస్తాయి. అలాంటి చోట ఒక్కడు సున్నం కలిపి ఏం లాభం? అందుకని ఈ నెల మొదట్లో రామాలయం దగ్గర అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాను. డిసెంబరులో అందరం పట్టుబడి ముగించి, వానలు తగ్గాక జనవరి, ఫిబ్రవరి ఎండగట్టి, ఒకేసారి దున్ని, ఒకేసారి సున్నం వేసి, మార్చి చివర్లో పరీక్ష చేయించిన సీడ్ (రొయ్య పిల్లలు) మాత్రమే వదలాలని. అంటే వేసవి పంట దాదాపు రెండు నెలలు వెనక్కి పోతుంది. ధర లేని ఏడాదిలో, చేతిలో డబ్బు లేని ఏడాదిలో, ఆ మాట అడగడానికి నాకే గొంతు తడారింది.

రెండు గంటలు వాదన జరిగింది. ముగ్గురు తల ఊపారు. మా గుంటలకు ఎగువన ఉన్న పెద్దాయన మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన మొలగొలుకుల వరి పండించిన పొలాన్ని తవ్వి గుంట చేసి టైగర్ రొయ్య వేసినవాడు. 1994లో తెల్లమచ్చ వచ్చినప్పుడు ఆ గుంట, ఇంట్లో బంగారం రెండూ పోయాయి. చివరికి లేచి, "అప్పుడు మాకు ఇది ఫలానా జబ్బు అని చెప్పేవాడే లేడు. నువ్వు దగ్గరుండి చేయిస్తానంటే నేను వేస్తాను. కాగితం రాసిచ్చి పోతానంటే వేయను" అన్నాడు. నేను ఉంటానన్నాను. అప్పటికి సీటు ఇంకా రాలేదు. వారం తర్వాత వచ్చింది.

నాన్న వెళ్ళమనే అంటున్నాడు. "గుంటలు ఎక్కడికీ పోవు, సీటు పోతుంది. పెద్దాయనకు నేను చెప్పుకుంటాను" అంటాడు. ఇది తేలికగా కొట్టిపారేసే మాట కాదు. ఈ ర్యాంకు ఈ ఏడాదికే పనికొస్తుంది, దాచుకునే వీలు లేదు. నా సీటు వరుసలో తర్వాత ఉన్నవాళ్ళకు వెళుతుంది. వచ్చే ఏడాది మళ్ళీ పరీక్ష రాయాలి, ఇంత మంచి ర్యాంకే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇరవై ఏడు నిండి ఇరవై ఎనిమిది వస్తుంది. మన తర్వాతి బ్యాచ్ కుర్రాళ్ళు నాకు సీనియర్లవుతారు. ఇవన్నీ మూడు రాత్రులు లెక్క వేసుకున్నాను. బరువు తక్కువేమీ కాదు.

అయినా ఒక్కటి తేడా కనబడింది. పాత కారణాల్లో ఏదీ ఎప్పుడు తీరుతుందో నేను చెప్పలేకపోయేవాణ్ణి. బాకీ తీరితే, ఏరియా కుదుటపడితే, అంటూ అన్నీ 'తే' దగ్గరే ఆగేవి. దీనికి తారీఖు ఉంది. మార్చి చివర్లో సీడ్ వదిలితే జూన్ చివరికి తొంభై రోజులు. ఆ రోజు వల వేస్తే సైజులు ఒక్కటిగా వచ్చాయా, లేదా అన్నది కళ్ళముందే తేలుతుంది. తేలినా, తేలకపోయినా నా పని అయిపోతుంది. పెద్దాయనకు కూడా అదే చెప్పాను: జూన్ దాకా ఉంటాను, తర్వాత ఉండను.

ఇంకొకటి నీకే చెప్పగలను. ఇప్పుడు ముంబయి వెళితే నేను చదువుకోబోయేది సరిగ్గా ఈ జబ్బు గురించే. కానీ ఎవరి గుంటలోనో ఎవరో తీసిన నమూనా నా ముందుకు వస్తుంది. ఇక్కడైతే ఐదు కుటుంబాలవి ఇరవై రెండు ఎకరాలు, ఒకే కాలువ, ఒకే రోజు సున్నం. ఏటి అవతలి ఒడ్డున వేరే కాలువ మీద ఒకాయన గుంటలు ఉన్నాయి, ఆయన ఎప్పటిలాగే చేస్తానన్నాడు. అక్కడా ఇక్కడా ఒకే హేచరీ సీడ్ పడితే మాకు మంచి పోలిక దొరుకుతుంది. రేపు ఏ పెద్ద ల్యాబులో కూర్చున్నా ఇలాంటి అవకాశం నాకు మళ్ళీ దొరుకుతుందా? అందుకే ఈ ఏడాదిని చదువుకు దూరమైన ఏడాదిగా నేను లెక్కపెట్టడం లేదు.

కంపెనీలో మార్చి దాకా ఉంటాను. జీతం సున్నానికి, మేత షాపు బాకీకి సరిపోతుంది. ఏప్రిల్ నుంచి గుంటలు, పుస్తకాలు, అంతే. పరీక్షకు దరఖాస్తు పెట్టగానే దాని రసీదు నీకు పంపిస్తాను, నీ దగ్గరే పెట్టుకో. పరీక్ష రోజు ఉదయం నువ్వు ఫోను చేసి నేను కేంద్రం గేటు దగ్గర ఉన్నానా అని అడగాలి. ఎవరైనా అలా అడుగుతారని తెలిస్తే నాకు మంచిది. ఆ పని ఇంకెవరికీ అప్పగించలేను.

అమ్మకు మొన్న రాత్రి చెప్పాను. ఏమీ అనలేదు. పెసరపప్పు పొయ్యి మీద పెట్టి చాలాసేపు గరిటె తిప్పుతూనే ఉంది. తర్వాత అడిగింది: "మరి రొట్టె ఇవ్వాలా, మళ్ళీ పట్టుకోవాలా?" నా దగ్గర జవాబు లేదు. వచ్చే ఏడాది పండుగ కొంచెం ముందుకు జరిగి జూన్ చివర్లో పడుతుంది, సరిగ్గా మా తొంభయ్యో రోజు దగ్గర్లో. నీకు సెలవు దొరికితే రా. చెరువు దగ్గరికి అమ్మతో కలిసి వెళదాం, తర్వాత గుంట దగ్గరికి వచ్చి వల నువ్వే వెయ్యి.

నాన్న, అమ్మ నిన్ను అడిగారు. మీ ఇంట్లో అందరికీ నా నమస్కారాలు చెప్పు.

నీ
ముత్తుకూరు మిత్రుడు

తా.క. తిట్టదలుచుకుంటే తీరిగ్గా తిట్టు, కానీ ఒక సంగతి మాత్రం వెంటనే రాయి. సున్నం వేయకముందు, వేశాక మట్టి నమూనాలు తీయాలనుకుంటున్నాను. ఒక్కో గుంటలో ఎన్ని చోట్ల తీయాలి, ఎంత లోతు నుంచి తీయాలి, పీసీఆర్‌కు పంపేదాకా ఎలా దాచాలి, మీ ప్రొఫెసర్‌ను అడిగి చెప్పు. మొదటి గుంట పట్టుబడి డిసెంబరు మొదటి వారంలో పెట్టుకున్నాం. అడుగు ఆరకముందే తీయాలి.