అంబాసిడర్‌కి కరెంటు ఫ్యాను: శీనుకి ఉత్తరం

మలక్‌పేట, హైదరాబాదు

ఒరేయ్ శీనూ,

నువ్వు ఫోన్లో అడిగింది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నాన్నగారి అంబాసిడర్‌కి బెల్టు ఫ్యాను తీసేసి కరెంటు ఫ్యాను పెట్టించేద్దామా అన్నావు. పెట్టించు. నా బండికి పెట్టించాను, చాలా సంతోషంగా ఉన్నాను. కాకపోతే ఫ్యాను చివర్న రావాలి. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. అవి వదిలేసి ఫ్యాను ఒక్కటే బిగించావనుకో, డబ్బూ పోతుంది, బండీ ఎప్పటిలాగే మరుగుతుంది.

రాజమండ్రి నుంచి ఇక్కడిదాకా హాయిగా వచ్చిన బండి చాదర్‌ఘాట్ ట్రాఫిక్కు దాటకుండానే వేడి చూపే ముల్లు పైకెక్కించిందన్నావు చూడు, జబ్బు ఎక్కడుందో ఆ మాటలోనే ఉంది. మన పాత ఇంజిన్లో ఫ్యాను వాటర్ పంపు ముక్కుకే బిగించి ఉంటుంది. బ్యాటరీని చార్జి చేసే డైనమోని తిప్పే బెల్టే దాన్నీ తిప్పుతుంది. ఇంజిను ఎంత జోరు మీదుంటే ఫ్యానూ అంత జోరు. హైవే మీద ఎనభైలో పోతున్నప్పుడు గ్రిల్లోంచి గాలి దానంతటదే దూసుకొస్తుంది, అక్కడ ఫ్యాను తిరక్కపోయినా ఏమీ కాదు. అయినా గిర్రున తిరుగుతూ పెట్రోలు తింటూనే ఉంటుంది. ఫ్యాను వేగం రెట్టింపైతే అది లాగే శక్తి ఎనిమిది రెట్లవుతుంది, పైగా ఆ హోరొకటి. తీరా సిగ్నల్ దగ్గర ఎండలో ఆగి, ఒంట్లో వేడంతా నీళ్ళని చల్లబరిచే రేడియేటర్లోకి వచ్చిన సమయానికి ఇంజిను ఐడిల్లో ఉంటుంది, ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. చెమటలు పడుతున్నప్పుడు మూలన పడుండి, చల్లగాలి వీస్తున్నప్పుడు చేతికొచ్చే విసనకర్ర లాంటిదిరా అది. 1950లలో రోడ్లు ఖాళీగా ఉన్న కాలానికి కట్టిన పద్ధతి, ఆ కాలానికి సరిగ్గానే ఉంది. అమీర్‌పేట సాయంత్రం ఆరు గంటలకి ఎలా ఉంటుందో వాళ్ళెలా ఊహిస్తారు?

ఇంకో సంగతి. మన 1489 సీసీ ఇంజిను బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వాళ్ళ బీ సిరీస్ కదా. అదే కుటుంబం ఇంజిను ఉన్న ఎంజీబీ స్పోర్ట్స్ కారుకి 1976లో కంపెనీ వాళ్ళే బెల్టు ఫ్యాను తీసేసి కరెంటు ఫ్యాను ఇచ్చారు. కాబట్టి నువ్వు చేయబోయేది ఆ ఇంజినుకి పరాయి వైద్యమేం కాదు. ఇక్కడ మారుతి 800 వచ్చిన 1983 నుంచీ మనం కరెంటు ఫ్యాన్లు చూస్తూనే ఉన్నాం. ఇంజిను అడ్డంగా ఉండే బండిలో రేడియేటరు బెల్టుకి ఎదురుగా ఉండదు మరి, కరెంటు ఫ్యాను తప్ప వేరే తేలికైన దారి లేదు.

సరే, మొదటిది రేడియేటరు. నాన్నగారు ఉన్నప్పుడు ఆఖరుసారి ఎప్పుడు విప్పించారో అమ్మని అడుగు. బోరునీళ్ళు పోస్తూ వచ్చుంటే లోపలి గొట్టాల్లో సున్నం గట్టిగా పేరుకుని ఉంటుంది. అప్పుడు బయట ఎంత గాలి కొట్టినా వేడి గాలిదాకా రానే రాదు. రేడియేటర్ పని చేసేవాడి దగ్గర పైట్యాంకు ఊడదీయించి, గొట్టాల్లో సున్నం పోయేలా రాడ్ వేయించి, తిరిగి సోల్డర్ పెట్టించు. మనవి రాగి, ఇత్తడి రేడియేటర్లు, పదికాలాల పాటు బాగుచేసుకోవచ్చు. కోర్, అంటే గొట్టాలుండే మధ్యభాగం, పాడైపోయిందంటే కొత్తది వేయించు, అక్కడ బేరం ఆడకు. తర్వాత నీళ్ళు కాదు, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంటు పోయాలి.

రేడియేటరు మూత చిన్న వస్తువని తీసిపారేయకు. హైదరాబాదు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది, అందుకే మామూలు నీళ్ళు ఇక్కడ 98 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. లోపల 7 పౌండ్ల ఒత్తిడి నిలిపే మూత సరిగ్గా పట్టి ఉంటే ఆ హద్దు 110 దాకా పోతుంది. రబ్బరు ఎండిపోయిన మూత ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అలాగే థర్మోస్టాట్ వాల్వు, ఇంజిను వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్లోకి పోనివ్వకుండా ఆపేది. మెకానిక్కులు బండి వేడెక్కుతోందంటే ముందు దాన్నే పీకి పారేస్తారు. నీ బండిలో ఉందో లేదో చూసుకో, లేకపోతే 82 డిగ్రీలది కొత్తది వేయించు. అది ఉంటేనే ఇంజిను తన వేడికి తొందరగా వచ్చి అక్కడే నిలబడుతుంది, రేపు నువ్వు పెట్టబోయే ఫ్యాను స్విచ్చి లెక్క కూడా అప్పుడే కుదురుతుంది.

రెండోది డైనమో. అందరూ మరిచిపోయేది ఇదే. పాత లూకాస్ డైనమో ఒంట్లో బాగున్న రోజున కూడా సుమారు 20 ఆంపియర్లు ఇస్తుంది, అదీ ఇంజిను పరుగులో ఉన్నప్పుడు. ఐడిల్లో దాదాపు ఏమీ ఇవ్వదు, ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటుంది గమనించావా, అందుకే. ఫ్యాను కావలసిందేమో సరిగ్గా ఐడిల్లో! రాత్రి వానలో లెక్క వేసుకో: హెడ్‌లైట్లు రెండూ కలిపి 9 ఆంపియర్లు, కాయిల్ 3, వైపరు ఇంకో 3, ఫ్యాను 10 నుంచి 15. అంతా బ్యాటరీ లోంచే పోతుంది. ఇంటికి చేరతావు, పొద్దున్న సెల్ఫ్ తిరగదు. కాబట్టి ఫ్యానుకంటే ముందు డైనమో తీసేసి ఆల్టర్నేటరు పెట్టించాలి. అది ఐడిల్లో కూడా చెప్పుకోదగ్గ కరెంటు ఇస్తుంది.

ఇక్కడొక జాగ్రత్త ఉంది శీనూ. మీది 1972 బండి. బ్యాటరీలో ఏ పోలు బాడీకి కలిపి ఉందో స్వయంగా చూడు. బ్రిటిష్ పద్ధతి పాత బండ్లలో ప్లస్సే బాడీకి కలిపి ఉండేది. ఆల్టర్నేటరుకి మైనస్ ఎర్తింగ్ కావాలి. మార్చేటప్పుడు కాయిల్ వైర్లూ అమ్మీటరు వైర్లూ అటుదిటు చేయాలి, పాత రేడియో ఉంటే దాన్ని ముందే విప్పి పక్కన పెట్టు.

ఇప్పుడు అసలు ఫ్యాను. నేనైతే రేడియేటరు వెనక, ఇంజిను వైపు పెట్టించాను, గాలిని లోపలికి లాగేలా. ముందువైపు పెట్టి నెట్టేలా కూడా చేస్తారు, కానీ అలా పెడితే మోటారూ రెక్కలే గాలికి అడ్డమవుతాయి, వెనక చోటు చాలనప్పుడే ఆ దారి. పాత ఫ్యాను విప్పాక వాటర్ పంపు ముక్కుకీ రేడియేటరుకీ మధ్య ఎంత మిగిలిందో కొలువు. కొలిచిన చోట ఇంజిను ఊగేందుకు కూడా కొంత వదలాలి, మౌంటింగు రబ్బర్లు పాతబడితే బండి జర్కుకి ఇంజిను ముందుకొస్తుంది. పుత్లీబౌలీలో మారుతి ఫ్యాన్లు దొరుకుతాయి, మోటారు పలచగా ఉన్నది చూసుకోవాలి. రెక్కలు వంపు తిరిగి ఉన్న ఫ్యానుని వైర్లు మార్చి ఉల్టా తిప్పితే గాలి వస్తుంది గానీ సగం కూడా రాదు. లాగేదానికి లాగేదే కొను. బిగించాక గ్రిల్ ముందు ఒక కాగితం పట్టుకో. కాగితం రేడియేటరుకి అతుక్కుంటే దిశ సరిగ్గా ఉన్నట్టు.

రేకు చుట్టు మాత్రం తప్పకుండా చేయించు. ఊరికే ఫ్యాను ఒక్కటే పెడితే రెక్కల గుండ్రం మేరకే గాలి లాగుతుంది, నాలుగు మూలలూ వేడిగానే మిగిలిపోతాయి. టింకరింగ్ చేసేవాడి చేత పలచటి అల్యూమినియం రేకుతో రేడియేటరు మొత్తాన్నీ కప్పే డబ్బాలా చేయించి, ఫ్యాను దాని మధ్యలో కూర్చునేలా పెట్టిస్తే కోర్ అంతా పని చేస్తుంది. నా అనుభవంలో ఫ్యాను ఎంత పెద్దదన్నదానికంటే ఈ రేకు ఎంత చక్కగా కూర్చుందన్నదే తేడా తెచ్చింది. కోర్ లోంచి ప్లాస్టిక్ కడ్డీలు దూర్చి ఫ్యాను బిగించే పద్ధతి ఒకటుంది, పది నిమిషాల పని అంటారు. ఒప్పుకోకు. ఆ అదురుకి గొట్టాలు అరిగి కారతాయి. రేడియేటరు పక్క బోల్టులకే పట్టీలు చేయించి వాటికి బిగించాలి. ఇంకో చిన్న సంగతి, పాత ఫ్యాను తీసేశాక పుల్లీ బోల్టులు పొడుగైపోతాయి. పొట్టివి వేయించు, లేదా ఫ్యాను మందానికి సరిపడా వాషర్లు పెట్టించు. బెల్టు అలాగే ఉండాలి సుమా, వాటర్ పంపుని తిప్పేది అదే.

వైరింగ్ దగ్గర పొదుపు పనికిరాదు. ఫ్యాను కరెంటుని ఇగ్నిషన్ కీ లోంచి పంపకూడదు, కీ కాలిపోతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి రిలేకి (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆర్పే డబ్బా, కాళ్ళ మీద నంబర్లుంటాయి) 30వ కాలికి, 87 నుంచి ఫ్యానుకి లావు వైరు. 86కి కీ ఆన్ చేస్తే వచ్చే కరెంటు, 85 నుంచి థర్మో స్విచ్చి (వేడిని బట్టి దానంతటదే పడే స్విచ్చి) ద్వారా ఎర్తుకి. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకంటే రెండు మూడింతలు లాగుతుంది, అందుకని ఫ్యూజు మరీ చిన్నది వేయకూడదు. స్విచ్చి 92 డిగ్రీల దగ్గర వేసి 87 డిగ్రీల దగ్గర ఆర్పేది తీసుకున్నాను, వాల్వు 82 కాబట్టి. 80 దగ్గరే వేసే స్విచ్చి పెడితే మే నెలలో ఫ్యాను అసలు ఆగదు. దాన్ని పై హోస్ పైపు మధ్యలో, ఇత్తడి ముక్క అతికించి పెట్టించాను. అటూ ఇటూ రబ్బరే కాబట్టి ఆ ముక్కకి విడిగా ఎర్తు వైరు లాగాలి, లేకపోతే స్విచ్చి పని చేయదు, ఎందుకు చేయట్లేదో చచ్చినా దొరకదు.

కీ తీశాక కూడా ఫ్యాను తిరిగేలా పెట్టమని కొందరంటారు. నాకది నచ్చలేదు. ఇంజిను ఆగితే పంపు ఆగుతుంది, రేడియేటర్లోని కాసిని నీళ్ళే చల్లబడతాయి. పైగా బోనెట్ ఎత్తి చెయ్యి పెట్టినప్పుడు అది హఠాత్తుగా తిరిగిందంటే వేళ్ళు పోతాయి. డాష్‌బోర్డు కింద ఒక స్విచ్చి మాత్రం పెట్టించు: ఆటో, ఆన్, ఆఫ్. ఆఫ్ దేనికంటావా? మలక్‌పేట రైలు వంతెన కింద వానాకాలం నీళ్ళు నిలుస్తాయి, నీకు తెలుసుగా. బెల్టు ఫ్యాను ఉన్నప్పుడు ఆ నీళ్ళన్నీ డెల్కో (ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు) మీదికి చిమ్మేది, బండి అక్కడే ఆగిపోయేది. ఇప్పుడు నీళ్ళు చూడగానే ఫ్యాను ఆపేసి మెల్లగా దాటిస్తాను. ఈ ఒక్క సుఖానికే ఇదంతా చేయించొచ్చు అనిపిస్తుంది నాకు.

బెల్టు ఫ్యాను మొండిదిరా, ఒప్పుకోవాలి. బెల్టు తెగితే తప్ప ఆగదు. కరెంటుదానికి ఫ్యూజుంది, రిలే ఉంది, కనెక్షన్లున్నాయి. అందుకే డిక్కీలో ఒక ఫ్యూజు, ఒక రిలే, రెండు చివర్లా క్లిప్పులున్న వైరు ముక్క ఎప్పుడూ పెట్టుకుంటాను. ఇంకోటి, ఎండలో ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే పెట్రోలు అందక కొట్టుకోవడం దీనితో పూర్తిగా పోదు. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసే అలవాటు నువ్వు మానక్కర్లేదు. టైమింగు తప్పి ఉన్నా, హెడ్ గ్యాస్కెట్ పోయి ఉన్నా ఏ ఫ్యానూ కాపాడలేదు.

బాడీకి ఒక్క కొత్త కన్నం కూడా వేయనివ్వకు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు, కానీ అది అసలు రూపంలో ఉండాలంటారు. అలా రిజిస్టర్ చేయిస్తే రోజువారీ తిరగడానికి వీల్లేదు, అది నీ ఇష్టం. ఏ దారి ఎంచుకున్నా పాత ఫ్యానూ, దాని బోల్టులూ, డైనమో, దాని కరెంటుని అదుపు చేసే కటౌటూ అన్నీ నూనె రాసి గుడ్డలో చుట్టి పేరు రాసి పెట్టు. నాన్నగారు ముప్పై ఏళ్ళు ఒక్క స్క్రూ పోనివ్వకుండా చూసుకున్న బండి అది. రేపు మీవాడు మళ్ళీ పాత పద్ధతిలోకి తెస్తానంటే ఒక పూటలో అయిపోయేలా ఉండాలి.

ముందు రేడియేటరు విప్పించు. అది తిరిగొచ్చాక దాని వెడల్పూ ఎత్తూ, పంపు ముక్కు దాకా దూరం, మూడు కొలతలూ మిల్లీమీటర్లలో రాసి పంపు. ఫ్యాను పుత్లీబౌలీలో, రిలే, లావు వైరు, హోస్ క్లిప్పులు రాణీగంజ్‌లో నేనే తీసి ఉంచుతాను. రేకు పని మాత్రం బండి ఇక్కడికి వచ్చాకే, మా టింకరింగ్ భాయ్ చేత చేయిద్దాం. వచ్చేటప్పుడు తెల్లవారుజామునే బయల్దేరు, ఎండెక్కకముందే ఊళ్ళోకి రావచ్చు. అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
సత్యం