అవి దెయ్యాల నగలు కావండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం అనుబంధంలో పాతకాలం ఇంగ్లండ్ మౌర్నింగ్ జ్యూయెలరీ, అంటే పోయినవాళ్ల గుర్తుగా, చాలాసార్లు వాళ్ల జుట్టుతోనే చేయించి వేసుకునే నగల మీద వేసిన వ్యాసం చదివాను, ఇలాంటి విషయం తీసుకున్నందుకు సంతోషమే కానీ "దెయ్యాల నగలు" అని హెడ్డింగ్ పెట్టడం మాత్రం చాలా బాధనిపించింది. మన ఇళ్లల్లో పోయినవాళ్ల జుట్టు దాచుకునే అలవాటు లేదు కాబట్టి వినగానే ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. కానీ ఫోటో తీయించుకోవడం అందరివల్లా కాని రోజుల్లో పోయిన బిడ్డదో భర్తదో మిగిలేది ఆ కాస్త జుట్టే, పైగా అది ఏళ్ల తరబడి పాడవదు కూడా.

అసలు ఆ పనితనం గురించి మీరు ఒక్క లైను కూడా రాయలేదు. జుట్టుని సోడా వేసిన నీళ్లలో మరిగించి జిడ్డు వదిలించి, పోగులు కట్టి, నడిమధ్య రంధ్రం ఉన్న గుండ్రటి బల్ల చుట్టూ ఒక్కో పోగు చివర చిన్న బరువు వేలాడదీసి, సన్నటి అచ్చు చుట్టూ అల్లేవాళ్లు, తర్వాత మళ్లీ ఉడికించి ఆరబెట్టి అచ్చు లాగేస్తే లోపల బోలుగా ఉన్న గొలుసు అలాగే నిలబడేది, ఎంత ఓపిక కావాలండీ దానికి! చిన్నపిల్లలు, పెళ్లికానివాళ్లు పోతే నగ మీద నల్ల ఎనామిల్ (గాజు పూత) బదులు తెల్లది వేసేవాళ్లు, ముత్యాలు పెడితే కన్నీళ్లని అర్థం.

1861 డిసెంబర్ 14న భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణి 1901లో తను పోయేదాకా నలుపే కట్టింది, ఆవిడని చూసి ఈ నగలకి గిరాకీ బాగా పెరిగి యార్క్‌షైర్‌లో విట్బీ అనే ఊళ్లో వందలమంది జెట్ అనే నల్లటి పదార్థంతో నగలు చెక్కి బతికారు. జెట్ అంటే కోట్ల ఏళ్ల కిందటి చెట్ల చెక్క సముద్రం అడుగున నొక్కుకుపోయి తయారైంది, అందుకే తేలిగ్గా ఉంటుంది, ముట్టుకుంటే చల్లగా తగలదు. ఫ్రెంచ్ జెట్ అని అమ్మేది మాత్రం నల్ల గాజు, చల్లగా బరువుగా ఉంటుంది.

ఇప్పుడు బంగారం కోసం ఇలాంటి జుట్టు నగలు కరిగించేస్తున్నారు, జుట్టేమో చెత్తలోకి పోతోంది. యూకేలో ఉన్న మనవాళ్లు యాంటిక్ మార్కెట్లలో కొంటే దయచేసి ఆ జుట్టు తీసేయకండి. ఎడిటర్ గారూ, మీరు అన్నీ ముందువైపు ఫోటోలే వేశారు, పోయినవాళ్ల పేరు, వయసు, తేదీ చాలావాటికి వెనకవైపే చెక్కి ఉంటాయి, ఈసారి వెనకవైపు ఫోటో కూడా వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు