శాఖా గ్రంథాలయ పాఠకుల సంఘం – కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో చదవాల్సిన నివేదికను ఈసారి ముందుగానే మీ చేతికి ఇస్తున్నాం. కిందటేడు నేను చదువుతుండగా మధ్యలో టీ వచ్చింది. టీ అయ్యాక చూస్తే వినేవాళ్లు సగమే మిగిలారు. అందుకే ఈ ఏర్పాటు. జమాఖర్చుల పట్టీని కోశాధికారి గారు విడిగా తయారు చేసి గ్రంథాలయం నోటీసు బోర్డుకు అంటించారు. ఒక్క కుర్చీల సంగతి తప్ప డబ్బు లెక్కల జోలికి నేను పోను.

ఈ ఏడాది మన సంఘానికి అసలు తగాదా ఒక బోర్డుతో వచ్చింది. పఠన మందిరంలో గడియారం కింద ఎర్ర అక్షరాలతో ‘నిశ్శబ్దం పాటించండి’ అని ఉంటుందే, ఆ బోర్డుతోనే. మనదేమో పుస్తకాన్ని పైకి చదువుకుని, ఆ తర్వాత వాదించుకునే సంఘం. బోర్డు పక్షాన ఉన్నది గ్రూప్స్‌కీ, బ్యాంకు పరీక్షలకీ, డీఎస్సీకీ తయారవుతున్న పిల్లలు. ఉదయం తలుపు తీయకముందే మెట్ల మీద సంచులు వరసగా పెట్టి నిలబడేది వాళ్లే. ఇంట్లో చదువుకునే చోటు లేకనే అంత పొద్దున్నే వస్తారు.

జూన్ సమావేశంలో కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ చదివాం. 1964 నాటి కథ. అప్పు తీర్చలేని కుటుంబం, పంచాయతీ, చివర్లో సీతారాముడు కన్నబిడ్డనే చంపే ఘోరం మీకు గుర్తుండే ఉంటాయి. సహకార బ్యాంకులో పనిచేసి రిటైరైన సభ్యులొకరు కథలోని బాకీని నోటుపుస్తకంలో వడ్డీతో సహా లెక్క కట్టుకుని వచ్చారు. లెక్క సరిగ్గా ఉంటే న్యాయం జరిగినట్టేనా అని ఒకరు అడిగారు. అక్కడి నుంచి మాట ముగింపు మీదకు పోయింది. కన్నబిడ్డను అలా చేసేవాడు ఉంటాడా అని ఒకరు, ఉండడనే కదా రచయిత రాసిందని మరొకరు గొంతు పెంచారు. అప్పుడు మూల బల్ల దగ్గరి నుంచి ఒక అమ్మాయి లేచి వచ్చి, ‘పెద్దవాళ్లు, మీకు చెప్పేంతదాన్ని కాను. రేపు నాకు పరీక్ష ఉందండీ’ అంది. మనలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. తప్పు మనదే. ఆ మాటను మినిట్స్ పుస్తకంలో ఉన్నదున్నట్టు రాసుకున్నాం.

దారి చూపింది మన గ్రంథాలయాధికారి గారు. గ్రంథాలయం ఉదయం 11 గంటలకు మూసి, మళ్లీ సాయంత్రం 4కి తెరుస్తారు. శుక్రవారం సెలవు. ఆవిడ ప్రతి నెలా రెండో ఆదివారం 11 తర్వాత రెండు గంటల పాటు తాళం వేయకుండా, తన భోజనం వాయిదా వేసుకుని, పఠన మందిరాన్ని మనకు వదిలిపెడుతున్నారు. చదువుకునే పిల్లలు కావాలనుకుంటే ఆ సమయంలో మేడ మీది గదిలో కూర్చోవచ్చు. మూసిన వేళలో ఒకరు మనకోసం ఆగుతున్నారన్నది మరిచిపోవద్దని మనవి. ఒంటిగంట దాటాక కూడా గుమ్మంలో నిలబడి కబుర్లు చెప్పుకునే అలవాటు మనలో కొందరికి ఉంది. అందులో నేనూ ఒకణ్ణి. ఇక బోర్డు సంగతంటారా, ఆ రెండు గంటలూ దాని మీద ఒక తువ్వాలు కప్పుతున్నాం. తువ్వాలు మన టైలరు సభ్యుడిది, ఉతికి తెచ్చే బాధ్యత కూడా ఆయనదే.

జులై, ఆగస్టు నెలల్లో దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ చదివాం. నిజాం కాలపు తెలంగాణ పల్లె కథ. 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన నవల. మొదటి సమావేశంలో చాలామంది ‘భాష అందడం లేదు’ అన్నారు. సగం పుస్తకం తిరగేసి వచ్చినవాళ్లూ అదే మాట. అత్తవారి ఊరు నల్గొండ దగ్గరైన మన సభ్యురాలు ఒకరు ఆ పూట గురువయ్యారు. గడి, దొర, వెట్టి అనే మాటలకు ఆవిడ నిఘంటువులో అర్థాలు చెప్పలేదు. తమ అత్తగారి నోట విన్న సంగతులు చెప్పారు. ఏ వాకిట్లో ఎవరు చెప్పులు విప్పి చేతపట్టుకుని నడవాలో ఆవిడ చెబుతుంటే, కాసేపు పుస్తకం మూసేసి వినాల్సి వచ్చింది. రెండో సమావేశానికి ఎవరూ భాష సంగతి ఎత్తలేదు.

సెప్టెంబరు నుంచి మొదలైన ‘కన్యాశుల్కం’ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, కార్యవర్గం క్షమించాలి. నాటకాన్ని ఎవరికి వారు ఇంట్లో చదువుకుని వస్తే లాభం లేదు, పాత్రలు పంచుకుని పైకి చదవాలని తీర్మానించాం. గ్రంథాలయంలో ఉన్నది ఒక్క ప్రతి. మిగతావాళ్లు ఇళ్లలోవి, అల్లుళ్ల ఇళ్లలోవి, పాత పుస్తకాల బళ్ల మీదవి పట్టుకొచ్చారు. ఎన్ని చేతుల్లో ఉన్నాయో అన్ని రకాల ముద్రణలు. ‘యాభై రెండో పేజీ’ అంటే ఒకరికి గిరీశం, ఇంకొకరికి లుబ్ధావధాన్లు, మరొకరికి పీఠిక. దానికి తోడు, 1897లో అచ్చయిన మొదటి రూపం వేరు, 1909లో గురజాడ బాగా పెంచి తిరగరాసినది వేరు. మనవాళ్లలో ఒకరి చేతిలో ఉన్నది ఆ మొదటి రూపం. అరగంట సేపు ఆయన ‘మీరంతా ఎక్కడెక్కడో చదువుతున్నారు’ అని మమ్మల్నే మందలించారు. ఆ రోజు నుంచి మన సంఘం నిబంధన ఒక్కటే: పేజీ చెప్పవద్దు, అంకమూ స్థలమూ చెప్పండి.

విజయనగరం బొంకులదిబ్బ దగ్గర మొదలయ్యే మొదటి అంకంలో గిరీశంగా మన టైలరు సభ్యుడు చదివారు. గిరీశం ఇంగ్లీషు మాటలు వచ్చినచోట ఆయన తడుముకోలేదు సరికదా, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, మెడలో టేపు సవరించుకుని మరీ పలికారు. టేపు అలవాటుగా మెడలోనే ఉండిపోయింది, దుకాణం నుంచి నేరుగా వచ్చారు. మేడ మీద చదువుకుంటున్న పిల్లలు ఒక్కొక్కరే మెట్ల మీదకు దిగి వచ్చారు. ఆడపిల్ల వేషం కట్టే శిష్యుడి పాత్రకు మనలో ఎవరి గొంతూ అతకడం లేదని తేలినప్పుడు, కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్న ఒక అబ్బాయి సిగ్గుపడుతూనే ఒప్పుకున్నాడు. అక్టోబరులో అతనే అందరికంటే ముందు వచ్చి కుర్చీలు వేశాడు.

బుచ్చమ్మ మాటలు చదివిన సభ్యురాలు రెండేళ్లుగా వస్తున్నారు, ఎప్పుడూ ‘నేను వింటానండీ, చదవడం నావల్ల కాదు’ అనేవారు. అయిదో తరగతితో చదువు ఆగింది. ఆ రోజు పక్కావిడ కళ్లద్దాలు అడిగి తీసుకుని, వరస కింద వేలు పెట్టుకుని, ఒక్కొక్క మాటా విడదీసి చదివారు. రెండుచోట్ల వెనక్కి వెళ్లి మళ్లీ చదివారు. ఎవరూ అందించలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. అయ్యాక ఆవిడ కళ్లద్దాలు తిరిగి ఇస్తూ, ‘ఈ పిల్లకి ఎవరూ లేరు కదా’ అన్నారు. మా పద్ధతి ప్రకారం ప్రతి అంకానికీ చర్చ ఉంటుంది. ఆ వేళ చర్చ అంతే.

పైకి చదవడం మన సంఘం కనిపెట్టిన వింత కాదని చెప్పడానికి ఇక్కడ రెండు మాటలు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో గ్రంథాలయ సభ జరిగి, ఉద్యమం ఊరూరా పాకిన రోజుల్లో అక్షరాలు వచ్చినవాళ్లే తక్కువ. ఒకరు పత్రిక చదివితే చుట్టూ పదిమంది వినేవారు. చాలా గ్రంథాలయాలు రాత్రి బడులు కూడా నడిపాయి. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవలోనే పుస్తకాలు తిప్పారు. రేవులో పడవ ఆగితే అక్కడే గ్రంథాలయం.

ఆ పాత రోజుల ఆనవాళ్లు చూడాలనే డిసెంబరులో వేటపాలెం వెళ్లాం. ప్యాసింజరు రైలు, పులిహోర పొట్లాలు. సారస్వత నికేతనం 1918లో మొదలైంది. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను అక్కడ భద్రపరిచారు. మనవాళ్లు ఎక్కువసేపు ఆగింది మాత్రం పాత పత్రికల సంపుటాల దగ్గర. కాగితం అంచు ముట్టుకుంటే పొడి రాలేట్టుంది, రెండు అరచేతుల మీద ఎత్తి తిప్పాలి. వార్తలకంటే ప్రకటనలే బాగున్నాయని సగంమంది అభిప్రాయం. తిరుగు రైల్లో చూస్తే రాసుకున్న నోట్సు కంటే కొనుక్కున్న వేటపాలెం జీడిపప్పే ఎక్కువ కనిపించింది. వచ్చే ఏడు నోట్సు తెచ్చినవాళ్లకే కిటికీ సీటు.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగిన గ్రంథాలయ వారోత్సవాల్లో మనవంతుగా ఫోను తరగతి పెట్టాం. నేర్పింది ఆ పరీక్షల పిల్లలే. జూన్‌లో మనల్ని మందలించిన అమ్మాయి ఒక బల్లకు పంతులమ్మ. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన రైల్వే పెన్షనర్లు మనలో ఉన్నారు. ఫోనులో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ పూర్తి చేయడం ఎలాగో నేర్చుకుని, ఆటో ఖర్చు లేకుండా అక్కడికక్కడే ముగించారు. ఒకాయన రెప్ప వేయమంటే కళ్లు గట్టిగా మూసుకుని ఉండిపోయేవారు. ఆరుసార్లు పట్టింది. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని అందరూ బల్ల గుద్ది చెప్పారు. చెప్పిన అయిదు నిమిషాలకే ఒకావిడ తన ఓటీపీని గది చివరి దాకా వినిపించేట్టు చదివారు. పైకి చదవడం మరీ అలవాటైనట్టుంది. ఈ తరగతిని నెలకొకసారి కొనసాగిస్తాం.

ఫలించని పనులూ ఉన్నాయి. ఉగాది కవి సమ్మేళనానికి వచ్చినవారందరూ కవులే, శ్రోతలు లేరు. చదరంగం బోర్డులో ఏనుగు పోయి, దాని స్థానంలో సీసా మూతతో ఆడుతున్నారు. మే నెల సమావేశం ఎండకు వాయిదా పడి, వాయిదా పడిన సంగతి తెలియక ముగ్గురు వచ్చి వెళ్లారు. వాళ్లకు సంఘం తరఫున క్షమాపణలు. వానాకాలంలో పడమటి గోడ బీరువాలో కింది అర తడిసి కొన్ని పాత నవలలు ముద్దయ్యాయి. ఆరబెట్టినవాటిలో కొన్నే దక్కాయి.

కొత్త పుస్తకాలు ఎందుకు రావడం లేదని ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. గ్రంథాలయ సెస్సు అని ఒక వరస ఉంటుంది. 1960 నాటి చట్టం కింద పన్ను రూపాయికి 8 పైసల చొప్పున మనం కడుతున్న సొమ్ము అది. వెయ్యి రూపాయల పన్నుకు ఎనభై. వసూలు చేసినవాళ్లు దాన్ని గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి, అప్పుడే పుస్తకాలూ, బీరువాలూ. మన ఊరి సొమ్ము ఎంతవరకు జమ అయిందో తెలపమని సంబంధిత కార్యాలయానికి అర్జీ పెట్టాం. రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి ‘సెక్షన్ క్లర్కు సెలవులో ఉన్నారు’ అన్నారు, రెండోసారి ‘ఫైలు పైకి వెళ్లింది’ అన్నారు. అర్జీ అందినట్టు ముద్ర వేసిన నకలు మన దగ్గర ఉంది. ఈసారి నలుగురం కాకుండా నలభైమంది వెళ్దామని కార్యవర్గం అనుకుంటోంది. రాగలిగినవాళ్లు తమ పన్ను రసీదు నకలుతో పేరు నమోదు చేయించుకోవాలి.

ఇక కుర్చీల సంగతి. పిల్లలు దిగి వచ్చినప్పటి నుంచి ఉన్న కుర్చీలు చాలక, షామియానా దుకాణం నుంచి అద్దెకు తెస్తున్నాం. సంఘం ఖర్చుల్లో టీ కంటే ఇదే ఎక్కువైంది. ఇళ్లలో వాడకుండా పడి ఉన్న కుర్చీ ఉంటే ఇవ్వండి, చేతులు లేకపోయినా ఫరవాలేదు, కాళ్లు నాలుగూ ఉంటే చాలు.

తీసుకెళ్లిన పుస్తకాలు తిరిగి ఇవ్వనివారి పేర్లు ఈ నివేదికలో రాయాలని ఒక ప్రతిపాదన వచ్చింది. కార్యదర్శి పేరు కూడా అందులో ఉన్నందున అది వీగిపోయింది. నేను నాది ఈ వారమే ఇచ్చేశాను.

వచ్చే రెండో ఆదివారం 11 గంటలకు ‘కన్యాశుల్కం’ ఆరో అంకం. మధురవాణి పాత్రకు ఇంకా ఎవరూ పేరు ఇవ్వలేదు. కళ్లద్దాలు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి.

– కార్యదర్శి