బాపు చూసిన స్కైలాబ్

శీనూ,

నీ ఉత్తరానికి జవాబు చాలా ఆలస్యమైంది, కోపం పెట్టుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం. పత్తి గింజలు పెట్టేశాం, చిట్టి మూడో తరగతికి వచ్చింది, అమ్మకు మోకాళ్ల నొప్పి కాస్త నయం. నువ్వడిగిన చిట్టీ డబ్బుల లెక్క ఇంకో ఉత్తరంలో రాస్తా. ఇప్పుడు మాత్రం ఒక్క సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఊపిరాడేలా లేదు.

బాపు చెప్పే స్కైలాబ్ కథ నీకు గుర్తుందా? హాస్టల్‌కి వచ్చినప్పుడల్లా చెప్పించుకునేవాళ్లం. అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడి లోకం మునిగిపోతుందని ఊళ్లో మేకలు, కోళ్లు కోసుకుని తినడం, మా నాయనమ్మ ఆఖరి పుంజును కూడా కోసేయడం, సరిగ్గా వండే వేళకి జడివాన. అందరూ ఇంట్లో ముడుచుకుని కూర్చుని తిన్నారు, ఆకాశం వంక చూసిన వాళ్లే లేరు, పొద్దున లేస్తే లోకం ఎక్కడిదక్కడే ఉంది. మనం మెస్‌లో కోడికూర వడ్డించినప్పుడల్లా 'ఆఖరి పుంజు' అనేది ఆ కథ వల్లే కదరా!

మొన్న చిన్నాయన కొత్తింట్లోకి వెళ్లినప్పుడు, రాత్రి భోజనాలయ్యాక పెద్దవాళ్లంతా మంచాల మీద చేరారు. ఎవరో స్కైలాబ్ మాటెత్తారు. ఒక మామ లేచి, "నిప్పు ముద్ద తూర్పు దిక్కుకు పోయింది, నేను కండ్లార చూసిన" అన్నాడు. ఇంకొకాయన దానికి తోక కూడా ఉందన్నాడు. మూడో ఆయన చప్పుడు కూడా విన్నాడట. బాపు ముందు అడ్డం చెప్పాడు, "వాన పడ్డది కదరా, మేం ఇంట్లనే ఉన్నం" అని. "వాన తర్వాత పడ్డది, నువ్వు మా పక్కనే నిలబడ్డవు గదా" అన్నారు ముగ్గురూ. బాపు ఏమీ అనలేదు. నాకు ఆ మౌనమే ఇప్పటికీ...

తెల్లారి చాయ్ తాగుతూ చిట్టికి చెబుతున్నాడు. "నేను చూసిన బిడ్డా. ఎర్రగ, తోకతోని. మా నాయన నా భుజం పట్టుకుని చూపించిండు."

శీనూ, తాత చేయి ఎక్కడి నుంచి వచ్చిందిరా? ముందు రోజు ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా తాత పేరెత్తలేదు. బాపు అబద్ధమాడే మనిషి కాదని నీకు తెలుసు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు పూడుకుపోయింది. ఆయనకది నిజం.

నిజంగా జరిగిందేమిటంటే, స్కైలాబ్ కూలింది 1979 జూలై 11న, మన టైము ప్రకారం రాత్రి పది దాటాక. ఆఖరి చుట్టులో అది అట్లాంటిక్ మీదుగా, ఆఫ్రికా దక్షిణపు కొస దాటి, హిందూ మహాసముద్రం మీదుగా వెళ్లింది. ముక్కలు సముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరాన్స్ చుట్టుపక్కలా పడ్డాయి. మండుతూ మన ఊరి మీదుగా రానే లేదు. వాన లేకపోయినా బాపు దాన్ని చూడగలిగేవాడు కాదు.

నాకు నిద్ర పట్టలేదు. దీని గురించి దొరికిందల్లా చదివాను. 2011లో ఎడెల్సన్ అనే ఆయన, ఇంకొందరు కలిసి ఒక ప్రయోగం చేశారు. కొందరికి గుంపులుగా ఒక డాక్యుమెంటరీ చూపించి, కొన్ని రోజులయ్యాక ఒక్కొక్కరినీ విడిగా ప్రశ్నలడిగారు. తర్వాత, నీతో పాటు చూసిన వాళ్లు ఇలా చెప్పారంటూ తప్పుడు జవాబులు చూపించారు. ముందు సరిగ్గా చెప్పినవాళ్లే దాదాపు 70 శాతం సార్లు గుంపు మాటకు వచ్చేశారు. సరే, మొహమాటం అనుకుందాం. కానీ ఆ జవాబులు ఉత్తివని తేల్చి చెప్పి మళ్లీ అడిగినా, మారిన జవాబుల్లో దాదాపు 40 శాతం తప్పుగానే ఉండిపోయాయి! అంటే పైకి తలూపడం కాదు, లోపల జ్ఞాపకమే మారిపోయింది. అలా మారిపోయినప్పుడు మెదడులో జ్ఞాపకాలను చూసుకునే హిప్పోక్యాంపస్‌తో పాటు భావోద్వేగాలతో ముడిపడిన అమిగ్డాలా కూడా గట్టిగా స్పందించిందట. అవే జవాబులు కంప్యూటర్ ఇచ్చిందని చెబితే అంత ప్రభావం లేదు. మనిషి చెప్పాలి. బాపుకు చెప్పినవాళ్లు చిన్ననాటి దోస్తులాయె.

నువ్వు రోజూ సాక్షులను చూసేవాడివి కాబట్టి ఇంకోటి చెబుతా. 2003లో గాబర్ట్ బృందం ఇద్దరిద్దరికి ఒకే సంఘటనను వేర్వేరు కోణాల నుంచి తీసిన వీడియోలు చూపించింది. ఇద్దరూ ఒకటే చూశామనుకుని మాట్లాడుకున్నారు. తర్వాత విడివిడిగా అడిగితే 71 శాతం మంది తాము చూడనిది, పక్కవాడు చెప్పింది కనీసం ఒక్కటైనా తాము చూసినట్టే చెప్పారు. మరి మీ కోర్టు వరండాలో సాక్షులంతా ఒకే బెంచీ మీద కూర్చుని పొద్దుటి నుంచి మాట్లాడుకుంటూ ఉంటారు కదరా! ముగ్గురు ఒకే మాట చెబితే బలం అంటారు. ఆ ముగ్గురూ ముందే కలిసి మాట్లాడుకున్నారా అని ఎవరైనా అడుగుతారా? నువ్వు అడుగు. దయచేసి అడుగు. ఒకడి జీవితం దాని మీద ఆధారపడి ఉంటుంది.

బాపుకు నిజం చెప్పాలా? చెబితే తాత చేతిని ఆయన భుజం మీది నుంచి నేనే తీసేసినట్టు అవుతుంది. చెప్పకపోతే చిట్టి కూడా అదే నిజమనుకుని పెరుగుతుంది. అమ్మ వదిలేయమంటోంది. నేను వదల్లేకపోతున్నా.

ఒక సాయం చెయ్యి. మీ అమ్మది పక్క ఊరే కదా, ఆ రాత్రి అక్కడే ఉంది. ఊరికే "స్కైలాబ్ రాత్రి ఏమైందమ్మా?" అని అడుగు. వాన మాటెత్తకు, నిప్పు ముద్ద మాటెత్తకు. ఆమె చెప్పినంత సేపు ఏదీ అందించకుండా విని, చెప్పింది చెప్పినట్టే రాసి పంపు. నేను ఇక్కడ మిగతా పెద్దవాళ్లను ఒక్కొక్కరినీ విడిగా కలుస్తున్నా, ఒకరి మాట ఒకరికి చెప్పకుండా. వినడానికి వాళ్లు ఇంకెంతకాలం... సరే, అది వద్దు.

మీ చెల్లి పెళ్లి గురించి అడగాలనుకున్నా, ఇంకా మన బావి దగ్గరి సంగతి ఒకటుంది, కానీ మూడింటికి టపా తీసేస్తారు, చిట్టి అప్పుడే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. ఉంటా. అమ్మను అడగడం మరిచిపోకు.

నీ
వేణు