సికింద్రాబాద్ నుంచి అమ్మ

చిన్నా,

ప్రభువు నామంలో దీవెనలు. ఎప్పుడు ఫోను చేసినా మీటింగులో ఉన్నానంటావు కాబట్టి కాగితం పట్టుకున్నాను. ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్న మోకాలి నొప్పి మామూలే. మొన్న రూతత్తయ్య వచ్చింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, నువ్వు చర్చి మానేశావట అని ఒక మాట విసిరి పోయింది. నేను నమ్మలేదు. ఆవిడ నోట పడితే జలుబు కూడా న్యుమోనియా అవుతుంది.

ఆవకాయ జాడీలో తడి చెయ్యి పెట్టడం లేదు కదా?

చర్చి కమిటీ ఎన్నికల గొడవ చూసి నీ మనసు విరిగిందా? సంఘంలో పోట్లాటలు ఈనాటివా! నాయనమ్మ వాళ్ల ఊరి కోత పండుగ సంగతి విన్నావుగా. పండుగకు చర్చికి తెచ్చిన కానుకలు వేలం వేస్తుంటే, ఒక పేద విధవరాలు తెచ్చిన గుమ్మడికాయ వంతు వచ్చింది. పొలం గట్టు తగాదాలో ఉన్న ఇద్దరు పెద్దలు పంతానికి పాట పెంచుకుంటూ పోయారు. కాయ ధర మేక ధరకు చేరింది. పాస్టరు అయ్యగారు మూడోసారి అనడం మరిచి చూస్తున్నారట. నెగ్గినాయన కాయను అక్కడే నేలకేసి కొట్టి, "గింజ కూడా వాడికి దక్కకూడదు" అన్నాడు. ముక్కలు ప్రభువు బల్ల దాకా దొర్లాయి. ఆ ముసలమ్మ పల్లెత్తు మాట అనకుండా అన్నీ కొంగులో ఏరుకుని, బెల్లం వేసి వండి, సాయంత్రం ఇద్దరి ఇళ్లకూ పంపింది. గిన్నెలు మోసింది మీ నాయనమ్మే, అప్పటికి చిన్నపిల్ల. ఒకరు గిన్నె తిప్పి పంపారు. ఒకరు తిన్నారు. "అదేం తక్కువా?" అనేది నాయనమ్మ.

ఉపదేశం చెయ్యనని మీ నాన్నకు మాటిచ్చాను, కానీ ఇది విను. బైబిల్లో ప్రకటన గ్రంథంలోని ఎఫెసు సంఘం కష్టపడింది, సహించింది, దొంగ అపొస్తలులను కూడా పట్టుకుంది. అయినా మొదటి ప్రేమ వదిలిందని ప్రభువు తప్పు పట్టాడు. సంఘం ఆరోగ్యం కానుకల లెక్కలో, కొత్త మైకుల్లో కనపడదు. నాలుగు వారాలు రాని మనిషి ఇంటి తలుపు ఎవరు తట్టారో అడిగితే తెలుస్తుంది. చర్చి ఆదుకోవడం మనకు కొత్త కాదు. మెదక్ పెద్ద చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. దాన్ని కడుతున్న కరువు రోజుల్లో అక్కడ కూలి చేసి అన్నం తిన్న ఇల్లు మనది. నీ తలుపు ఎవరైనా తట్టారా? తట్టకపోతే చెప్పు, అయ్యగారిని నేనే అడుగుతాను. వద్దంటావులే.

136వ కీర్తన చదువుతుంటే, 26 వచనాల్లోనూ "ఆయన కృప నిరంతరముండును" ఎందుకని చిన్నప్పుడు విసుక్కునేవాడివి. ఇశ్రాయేలీయులను ఎడారిలో నడిపించిన వచనానికీ అదే పల్లవి. ఆ జనం దారి పొడుగునా సణిగినవాళ్లే. పోట్లాడనివాళ్లనే ప్రేమించాలంటే ఆయనకు మనుషులు మిగలరు, మన కమిటీ అసలే మిగలదు.

నేను నిన్ను అనడం లేదు. ఊరికే రాశాను.

ఆదివారం ఆరాధన తొమ్మిదిన్నరకు. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే మారే పని లేకుండా సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగవచ్చు. అంత దూరం కష్టమైతే నీకు దగ్గర్లో ఏ చర్చికైనా వెళ్లు, వెళ్లి ఫోను చెయ్యి. వస్తే మాత్రం స్టీలు క్యారియర్ తీసుకురా, అది రూతత్తయ్యది, రెండుసార్లు అడిగింది. చేపల పులుసు చేస్తాను.

అమ్మ