కొండలెక్కే పండుగ గురించి కూడా రాయండి

సంపాదకులకు,

చైనా పండుగలనగానే మన పత్రికల్లో ఏటా కనిపించేవి వసంతోత్సవపు ఎర్ర లాంతర్లు, డ్రాగన్ పడవల పందేలు మాత్రమే. చాంద్రమానం ప్రకారం తొమ్మిదో నెల తొమ్మిదో రోజున వచ్చే ఛోంగ్‌యాంగ్ ఊసే ఉండదు. మహాకుడ్యం చూడబోయేవారు ముందుగా తెలుసుకోవలసిన పండుగ అదేనని నా అభిప్రాయం.

ఆ రోజున ఎత్తయిన చోటికి ఎక్కడమే ఆచారం. హాన్ కాలం నాటిదని చెప్పే కథలో హువాన్ జింగ్ అనేవాడు గురువు హెచ్చరిక మేరకు ఇంటిల్లిపాదినీ కొండ మీదికి తీసుకెళ్లి, అందరికీ ఝూయూ అనే ఘాటైన వాసన గల మొక్క రెమ్మలు కట్టి, చేమంతి మద్యం తాగించి, సాయంత్రం దిగి వచ్చేసరికి ఇంట్లోని కోళ్లు, కుక్కలు, ఎడ్లు చచ్చిపడి ఉన్నాయట. కొండల్లేని చోట 'గావ్' అనే పిండివంట తింటే సరిపోతుంది, ఎందుకంటే చైనా భాషలో 'ఎత్తు' అనే మాటనూ అలాగే పలుకుతారు. (నావంటి మోకాళ్లున్నవారి కోసమే ఎవరో కనిపెట్టి ఉంటారు!) 1989 నుంచి అదే రోజును వృద్ధుల దినంగానూ జరుపుతున్నారు.

చైనా ప్రధాన భూభాగంలో ఛోంగ్‌యాంగ్‌కు ప్రభుత్వ సెలవు లేదు. అక్టోబరు మొదటి వారంలో జాతీయ దినోత్సవ సెలవులకు మహాకుడ్యంలో ఎక్కువ మంది చూసే భాగమైన బాదాలింగ్ వద్ద గోడ కన్నా తలలే ఎక్కువ కనిపిస్తాయి. అక్కడ 2019 నుంచి రోజుకు 65,000 మందికి మించి అనుమతించడం లేదు. 2022లోలాగా ఈ పండుగ ఒక్కోసారి ఆ సెలవుల్లోనే పడుతుంది గానీ, 2026లో అక్టోబరు 18న వస్తోంది.

నేను వెళ్లింది గోడలోని మరో భాగమైన జిన్‌షాన్‌లింగ్‌కు. అక్కడి కొన్ని ఇటుకల మీద మింగ్ చక్రవర్తి వాన్లీ పాలనా సంవత్సరమూ, వాటిని చేసిన సైనిక దళం పేరూ అచ్చొత్తి ఉంటాయి. నాలుగు వందల ఏళ్లు దాటిన ఆ అక్షరాల పక్కనే ఒక యాత్రికుడు తాళంచెవితో తన పేరు గీస్తుంటే వద్దని వారించాను. అతను నవ్వి, గీత పూర్తి చేసే కదిలాడు. 2006 డిసెంబరు 1 నుంచి అమలులో ఉన్న మహాకుడ్య రక్షణ నిబంధనల ప్రకారం అది నేరం. జియాన్‌కోవ్ వంటి శిథిల భాగాల్లోనైతే అడుగు పడితే ఇటుకలు కదులుతాయి, మనుషులూ జారిపడుతుంటారు.

చైనా యాత్రల గురించి మీరు ప్రచురించే వ్యాసాల్లో విమాన ఛార్జీలతో పాటు ఈ పండుగ తేదీనీ, ఈ నిబంధననూ రెండు వాక్యాల్లోనైనా చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు